చూడనిదే 'పోయాడు' అనని భాయ్

మా కింది దుకాణం భాయ్ మంగళవారం సాయంత్రం, అసర్ నమాజు ముగిసిన కాసేపటికి, మస్కట్ హమ్రియాలోని తన దుకాణంలో కుర్చీలో కూర్చుని ఉండగానే చనిపోయారు. గుండెపోటు అని డాక్టరు రాశాడు. బుధవారం పొద్దున అమెరాత్ ఖబరస్తాన్‌లో ఖననం జరిగింది. కడపలో ఉన్న భార్య, కూతురు ఇక్కడే ఖననానికి ఫోన్‌లోనే ఒప్పుకున్నారు, ఫోన్‌లోనే ఆఖరి చూపు చూశారు.

నాకు ఆ వార్త చెప్పింది కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ నీళ్ల ట్యాంకరు నడిపే డ్రైవర్. నేను ఆఫీసులో ఉన్నాను.

"సార్, భాయ్ పోయిండు."

"నువ్వు చూశావా?"

"చూసిన సార్. కుర్చీలకెంచి కింద పండవెట్టింది నేనే."

అలాంటి సమయంలో ఆ ప్రశ్న అడిగితే ఇంకెక్కడైనా తిడతారు. డ్రైవర్ తిట్టలేదు. హమ్రియాలో ఆ సందులో ఉండే మనవాళ్లందరికీ అది అలవాటైన ప్రశ్న. అలవాటు చేసింది భాయే. కళ్లతో చూడకుండా ఎవరి గురించీ 'పోయాడు' అనే మాట ఆయన నోటివెంట వచ్చేది కాదు. ఆయన గురించి ఆ మాట అనాల్సి వచ్చినప్పుడు కూడా మేం ఆయన పద్ధతే పాటించాం.

భాయ్ దుకాణంలో ఫోన్ కవర్లు, చార్జర్లు, రీచార్జి కార్డులు అమ్మేవారు. అంతకుముందు అదే గదిలో సినిమా డిస్కులు, దానికీ ముందు క్యాసెట్లు అద్దెకిచ్చేవారు. నేను పై అంతస్తులో ఉంటాను. ఇక్కడి ఒక ఇంగ్లీషు పత్రికలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కోర్టు, ప్రమాదాలు, లేబర్ క్యాంపుల వార్తలు రాస్తాను. ఆయన నన్ను 'పేపర్ సారూ' అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవమెంతో వెక్కిరింపెంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

దుకాణం వెనక ఒక పొడుగాటి గది ఉంది. ఒకప్పుడు క్యాసెట్ల గోదాము. శుక్రవారం జుమా నమాజు, భోజనాలు అయ్యాక అక్కడ పెద్ద టీవీ ముందు చాపలు పరిచేవారు. జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ వైపు నుంచి సైట్లలో పనిచేయడానికి వచ్చినవాళ్లు, ఇద్దరు ముగ్గురు కడప, హైదరాబాదు ముస్లింలు, అప్పుడప్పుడు నేను. ఆ టీవీలో హిందీ సినిమా పడేది కాదు, తెలుగు సినిమా పడేది కాదు. కొరియా సినిమా, జపాన్ సినిమా, చైనా, తైవాన్ సినిమా. అదీ కొత్తవి, ఈ పది పదిహేనేళ్లలో వచ్చినవి.

ఇది ఎలా మొదలైందో ఆయనే చెప్పారు. డిస్కుల రోజుల్లో ఒక కొరియా ఇంజనీరు వాళ్ల ప్రాజెక్టు పూర్తయి వెళ్లిపోతూ ఒక అట్టపెట్టె నిండా సినిమాలు దుకాణంలో వదిలేశాడు. "ఎవురూ అద్దెకు తీస్కోలా. ఊరికే ఉండాయి గదా అని నేను చూసినా. మొదటి సినిమాలో ఒకాయన కూతురి కోసం అన్నం గిన్నె మూతబెట్టి కూచ్చోనుంటాడు. ఆ పాప రాదు. అన్నం సల్లారిపోతాది. అంతే సీను. మాట లేదు. నాకు ఆ రాత్రి మా కడప ఇల్లు గుర్తొచ్చినాది." అక్కడ మొదలై ఆయన ఆగలేదు. డిస్కులు పోయి ఇంటర్నెట్టు వచ్చాక ఇంకా సులువైంది. ఆ దేశాల నవలలు, కథలు ఇంగ్లీషులో దొరికినవి దొరికినట్టు తెప్పించుకుని చదివేవారు. కౌంటరు కింద, చార్జర్ల డబ్బాల పక్కన, ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. గుర్తుకి రీచార్జి కార్డు పెట్టేవారు.

గదిలో కూర్చునేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు. వచ్చినా ఆ వేగం అందదు. అందుకని భాయ్ టీవీ పక్కన స్టూలు వేసుకుని, చేతిలో రిమోటు పట్టుకుని, సినిమా నడుస్తుండగానే తెలుగులో చెప్పేవారు. కడప తెలుగులో. సియోల్ పోలీసు కూడా "యాడికి పోతాండావురా?" అనేవాడు. టోక్యోలో ముసలామె కోడలితో "గమ్మున అన్నం తిను" అనేది. మొదటిసారి వింటే నవ్వొస్తుంది. మూడో శుక్రవారానికి ఆ ముసలామె పులివెందుల ఆమే అనిపిస్తుంది.

ఆయన పద్ధతులు కొన్ని ఉన్నాయి. సౌండు తగ్గించేవారు కాదు. తెర మీద మనిషి మాట్లాడి పూర్తయ్యాకే తాను చెప్పేవారు. ఏడుపు సీన్లో నోరు మెదిపేవారు కాదు. "ఏడుస్తా ఉండేదానికి నేను తెలుగు జెయ్యాల్నా?" అనేవారు. పాట వస్తే పాట గురించి ఒకే ముక్క చెప్పి ఊరుకునేవారు: "ఇది వాళ్లమ్మ పాడే పాట."

మొదట్లో మనవాళ్లు ఫైటింగుల కోసం వచ్చారు. హాంకాంగ్ తన్నులాటలు వస్తాయనుకున్నారు. వాటి బదులు తైవాన్ సినిమా వచ్చింది. అందులో ఒక కుర్రాడు రైలు పట్టాల పక్కన నిలబడి ఉంటాడు. కెమెరా కదలదు. కుర్రాడూ కదలడు.

"భాయ్, టీవీ బంద్ వడ్డదా?" అన్నాడు డ్రైవర్.

"బంద్ పళ్లేదు. వాడు రైలు కోసం చూస్తాండాడు."

"గింతసేపా? మా కంపెనీ బస్సు నయం గద."

అందరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వారు. కానీ సినిమా మార్చలేదు. కాసేపటికి రైలొచ్చింది, కుర్రాడు ఎక్కలేదు. గదిలో నవ్వు ఆగిపోయింది. "ఎందుకెక్కలే?" అని ఎవరో మెల్లగా అడిగారు. "వాడే చెప్పలా. నేనెట్ల చెప్పేది?" అన్నారు భాయ్.

చైనా సినిమాలు వాళ్లకి తొందరగా దగ్గరయ్యాయి. ఊళ్లు వదిలి ఫ్యాక్టరీల్లో పనికొచ్చినవాళ్ల కథలు. ఒకదానిమీదొకటి ఇనప మంచాలు, మంచం కోడుకి కట్టిన తాడు మీద తడి బనీన్లు, ఒకే ప్లగ్గుకి వేలాడే ఫోన్లు. "గిది మన రూమే కద. మస్కట్‌ల తీసిన్రా?" అని ఒకరన్నారు. కొరియా సినిమా ఒకదానిలో ఫ్యాక్టరీలో నేపాలీలు, బంగ్లాదేశీలు పనిచేస్తూ కనిపించినప్పుడు ఈలలు వేశారు. వాళ్లలో ఒకడు మెషిన్లో పడి చెయ్యి పోగొట్టుకున్నప్పుడు పక్క ఇంటి సంగతి చూసినట్టు చూశారు.

చావు విషయంలో ఆయన ఇంకా కచ్చితంగా ఉండేవారు. ఆ దేశాల కొత్త సినిమాల్లో, నవలల్లో కనిపించకుండా పోయే మనుషులు చాలామంది. భర్త పనికని వెళ్లి రాడు. కూతురు స్టేషన్లో దిగి కనిపించదు. దర్శకుడు ఆఖరికి తేల్చకుండా వదిలేస్తాడు. తెర మీద శవం కనిపిస్తేనే భాయ్ 'సచ్చిపోయినాడు' అనేవారు. ఎవరైనా పాత్ర ఆ మాటంటే, అన్నది ఎవరో చెప్పి ఆగేవారు: "సచ్చిపోయినాడని వాళ్ల మేనేజరు చెప్తాండాడు." మేం వార్త రాసేటప్పుడు చెప్పినవాళ్ల పేరు పెట్టినట్టు.

ఒకసారి నేను వాదించాను. ఆ సినిమాలో ఒక మనిషి సముద్రం వైపు నడిచి వెళతాడు. తర్వాతి సీన్లో ఆయన చెప్పులు ఒడ్డున ఉంటాయి. ఆయన చనిపోయినట్టు ఎవరికైనా అర్థమవుతుందన్నాను. 

"నువ్వు చూసినావా, పేపర్ సారూ?"

"చెప్పులు చూశాను కదా."

"చెప్పులు చూసినావు. చెప్పులని రాయి. మనిషని రాయొద్దు. తెర చూపియ్యనిదాన్ని చూపిచ్చేదానికి నేనెవుర్ని? ఈడ గదిలో కూచ్చున్నోళ్లలో ఎవురింట్లో ఏముందో మనకు తెలుసునా?"

ఆ చివరి మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. కొన్ని నెలల తర్వాత అయింది.

శుక్రవారం గదిలో గోడ పక్కన కూర్చునే మనిషి ఒకరున్నారు. జగిత్యాల దగ్గరి నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ. బిల్డింగులకు స్లాబు పోసేముందు చెక్కలు బిగించే పని. మాటలు తక్కువ. వాళ్లన్న కూడా ఒమన్‌లోనే, షినాస్ దగ్గర ఒక తోటలో పనిచేసేవాడు. మూడేళ్ల కింద అర్బాబుతో, అంటే తోట యజమానితో, గొడవపడి ఇక్కడి గుర్తింపు కార్డైన పతాకా కూడా తీసుకోకుండా బయటికి వెళ్లాడు. బయట పని చూసుకుంటున్నానని ఒకసారి ఫోన్ చేశాడు. తర్వాత ఫోన్ లేదు. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. భాయ్‌కి కూడా తెలియదు.

ఆ శుక్రవారం జపాన్ సినిమా. తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయి ఉంటాడు. చిన్న కూతురు రంగు కాగితాలతో పూలు చేసి, దారానికి గుచ్చి, గోడ మీద తండ్రి ఫోటోకి వేస్తుంది. కెమెరా ఆ ఫోటో మీద ఆగింది. ఒకాయన టోపీ తీశాడు. ఇంకొకాయన రెండు చేతులూ జోడించాడు.

"అయిపాయె. సచ్చిండు," అన్నాడు డ్రైవర్.

భాయ్ రిమోటు నొక్కి సినిమా ఆపారు.

"ఎవురు చెప్పినారప్పా?"

"దండేసిన్రు కద భాయ్. ఇంకేం గావాలె?"

"ఫోటోకు దండేస్తే సచ్చినట్టు మనూర్లో. ఆ ఊర్లో కాదు. సచ్చినోళ్లకైతే చిన్న బీరువా మాదిరి పెట్టి, ముందర ఊదొత్తి, గిన్నెలో అన్నం బెడతారు. ఈడ ఊదొత్తి ఉండాదా? అన్నం ఉండాదా? ఆ పాప మొగం సూడండి. నవ్వుతాండాది. ఈపొద్దు వాళ్ల నాయన పుట్టినరోజు."

నిజమే. తర్వాతి సీన్లో కేకు వచ్చింది. అందరూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. కానీ అప్పటికే మేస్త్రీ లేచి బయటికి వెళ్లిపోయాడు. భాయ్ రిమోటు నా చేతిలో పెట్టి ఆయన వెనకే వెళ్లారు. కాసేపటికి నేనూ వెళ్లాను. ఇద్దరూ మా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రీ చెబుతున్నాడు.

"మా అన్న ఫోటోకు దండ ఎయ్యాలె అంటున్రు భాయ్. మా పెద్దనాయినలు, కులపోళ్లు, అందరు. మూడేండ్లాయె, ఇంకేం చూస్తరు, దినాలు జెయ్యిన్రి అంటున్రు. మా వదినె వింటలేదు. మెట్టెలు తియ్యనంటది. పూలు వెట్టుకుంటది. ఊర్లె ఆడోళ్లు ఎక్కిరిస్తున్రు. నాకు ఫోన్ జేసి ఒక్కటే మాట అన్నది. 'ఎవ్వలు చెప్పినా నేను వినను మరిదీ. నువ్వు ఆడనే ఉన్నవు. నువ్వు కండ్లతోని చూసి చెప్పు. అప్పుడు తీస్త' అన్నది."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం జెప్పాలె భాయ్? నేను చూడలే. సచ్చిండని చెప్తే ఆమె బతుకు అయిపాయె. బతికుండని చెప్తే... అది గూడ నేను చూడలే."

భాయ్ ఆయన వైపు తిరిగి అన్నారు: "సరిగ్గానే చెప్పినావు. చూడలేదని చెప్పు. అదే నిజం. నిజాన్ని పట్టుకోనుండు. చూసేదానికి నేనొస్తా నీతో."

ఆ రోజు నుంచి అది ఆయన పని అయింది. దిక్కులేని శవాల విషయంలో సాయం చేసే మనవాళ్లు మస్కట్‌లో కొందరున్నారు. వాళ్లకి ఆయన చెప్పి పెట్టారు: ఇంత ఎత్తు, ఇంత వయసు, ఎడమచేతి బొటనవేలు సగం లేదు. ఊళ్లో వడ్రంగం చేసేటప్పుడు కటింగ్ మెషిన్లో తెగిపోయిన వేలు అది. వేరే ఏ గుర్తు చెప్పినా ఎండకీ నీళ్లకీ నిలవదని, వేలు మాత్రం అబద్ధం చెప్పదని భాయ్ అన్నారు.

మొదటి కబురు సూర్ ఆసుపత్రి నుంచి వచ్చింది. దుకాణం మూసి, మేస్త్రీని తీసుకుని వెళ్లారు. అక్కడ ఆయన చేసిన ఏర్పాటు ఇది: శవాగారంలోకి ముందు భాయ్ ఒక్కరే వెళతారు. మేస్త్రీ బయట కుర్చీలో కూర్చుంటాడు. భాయ్ చూసి వచ్చి చెబుతారు. కాదంటే మేస్త్రీ లోపలికి వెళ్లక్కర్లేదు. అవునంటే ఇద్దరూ కలిసి వెళతారు. సంతకం పెట్టాల్సింది తమ్ముడే అయినా, ముందు చూడాల్సింది తమ్ముడు కాకూడదన్నది ఆయన పట్టు. అక్కడి ఉద్యోగి ముందు ఒప్పుకోలేదట. భాయ్ ఆయనతో అరబ్బీలో చాలాసేపు మాట్లాడి ఒప్పించారట.

"భాయ్ బయటికొచ్చిండు," అని మేస్త్రీ నాకు తర్వాత చెప్పాడు. "నా ముందల మోకాళ్ల మీద కూసున్నడు. నా కండ్లల్ల చూసి, 'బొటనేలు నిండుగుంది. మీ అన్న కాదు' అన్నడు. గంతే. ఇంకేం అనలే. నాకు నీళ్లు తాగిపిచ్చిండు."

రెండోసారి బర్కా నుంచి కబురు. అప్పుడూ కాదనే వచ్చింది.

నాకు ఒక అనుమానం ఉండేది. మనిషి మంచివాడు. మంచి మనసుతో అబద్ధం చెప్పి ఉండొచ్చు. తర్వాత ఆఫీసు పని మీద సూర్ వెళ్లినప్పుడు కనుక్కున్నాను. ఆ శవాన్ని బంగ్లాదేశ్ నుంచి ఒక కుటుంబం గుర్తుపట్టి తీసుకెళ్లింది. బర్కా సంగతి ఫోన్‌లో అడిగాను. అది కేరళ మనిషి. భాయ్ చెప్పింది రెండుసార్లూ నిజమే. ఆ మాట ఆయనతోనే అన్నాను.

"నన్ను గూడా చెక్ చేసినావా పేపర్ సారూ?" అని పెద్దగా నవ్వారు. "మంచి పని చేసినావు. రేపు వాని వదిన అడిగితే నువ్వూ చెప్పొచ్చు."

మొన్న శుక్రవారం, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఆయన ఒక కొరియా సినిమా వేశారు. ఈ మధ్య వచ్చినదే. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. భర్త చేపల పడవలో వెళ్లి రాలేదు. పడవ దొరికింది, మనుషులు దొరకలేదు. భార్య నూడుల్స్ అంగడి నడుపుతుంటుంది. ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి, చనిపోయినట్టు ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేయమంటారు. ఆమె వేయదు. ఊరంతా ఆమెకి పిచ్చి అంటారు. భాయ్ ఆ సినిమా కావాలనే వేశారని నా నమ్మకం. వేసే ముందు మేస్త్రీని అడిగారు కూడా: "తమ్ముడూ, ఇది చూడగలవా? లేకుంటే వేరేది పెడతా." మేస్త్రీ చూస్తానన్నాడు. గోడ పక్కనుంచి లేచి వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు.

సినిమా సగంలో ఆ ఊరి పోలీసు ఆమె అంగడికి వస్తాడు. పక్క ఊళ్లో ఒక శవం ఒడ్డుకొచ్చిందని చెబుతాడు. ఆమె గిన్నె కడగడం ఆపదు. కడగడం పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, బయటికి వచ్చి సముద్రం వైపు తిరిగి నిలబడుతుంది. ఆమె వీపే మనకి కనిపిస్తుంది.

అప్పుడే మేస్త్రీ ఫోన్ మోగింది. సోహార్‌లో మనవాళ్లకి సాయం చేసే ఒకాయన. షినాస్ అవతల చేపలవాళ్ల వలలో ఒక శవం పడిందని, ఎత్తూ వయసూ సరిపోతున్నాయని, ఈ ఆదివారం కాదు, ఆపై ఆదివారం పొద్దున వచ్చి చూడమని. మేస్త్రీ వేలి గురించి అడిగాడు. తాను చూడలేదని, వచ్చి చూసుకోమని అవతలి మనిషి చెప్పాడు.

భాయ్ సినిమా ఆపేశారు. ఎవరూ మిగతాది వేయమనలేదు.

"షినాసే కద భాయ్," అన్నాడు మేస్త్రీ. "మా అన్న ఉన్నది గాడనే."

"షినాస్‌లో చానామంది ఉండారు."

"ఈసారి అయితదేమో అనిపిస్తున్నది."

"అనిపిచ్చేది వేరే, చూసేది వేరే. నేను ముందు పోయి చూస్తా. నువ్వు బయట కూచ్చో. పోయినసారి మాదిరే." ఎడమ భుజం రుద్దుకుంటూ అన్నారు. డ్రైవర్ అది చూసి, "ఏంది భాయ్, రిమోట్ పట్టుకొని పట్టుకొని చెయ్యి గుంజుతున్నదా?" అన్నాడు. "బిర్యానీ ఎక్కువ తిన్నాలే, గ్యాసు," అన్నారు భాయ్. డాక్టరు దగ్గరికి వెళ్లమని ఇద్దరు ముగ్గురం చెప్పాం. సోహార్ పని అయినాక చూపిచ్చుకుంటానన్నారు.

మంగళవారం ఆయన పోయారు.

బుధవారం అమెరాత్‌లో నలభై మందికి పైగా వచ్చారు. సగం మంది సైటు నుంచి, కంపెనీ యూనిఫారాల్లోనే వచ్చారు. నమాజు జరుగుతున్నంతసేపూ మేం హిందువులం వెనక నిలబడ్డాం. తర్వాత హైదరాబాదు ఆయన ఒకరు మమ్మల్ని పిలిచారు. అందరం మూడేసి పిడికిళ్ల మట్టి వేశాం. డ్రైవర్ ఏడ్చాడు. ఖననం అయ్యాక చెప్పుల దగ్గర నిలబడి నాతో అన్నాడు: "భాయ్ ఉంటే ఇప్పుడు ఏం చెప్పకపోతుండె సార్. ఏడ్చేకాడ గమ్మునుంటుండె."

మేస్త్రీ రాలేకపోయాడు. ఆ రోజు వాళ్ల సైటులో స్లాబు పోస్తున్నారు. కాంక్రీటు బండ్లు వచ్చి నిలబడ్డాక సెంట్రింగ్ మేస్త్రీని ఎవరూ వదలరు. ఆయన హమ్రియా చేరేసరికి అంతా ముగిసింది. దుకాణం షట్టరు ముందు కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నేను చూడలే సార్," అన్నాడు.

నేను చూశానని చెప్పాను. మొహం ప్రశాంతంగా ఉందా అని అడగలేదు ఆయన. నేనూ చెప్పలేదు. ఏ బట్ట కప్పారు, ఎవరెవరు మోశారు, తల ఏ వైపు ఉంచారు, అవి మాత్రం అడిగాడు. చెప్పాను. విన్నాక తల ఊపాడు. గురువారం కూడా ఆయన మాటల్లో భాయ్ ఉన్నట్టే ఉన్నారు. "భాయ్‌కి ఈ చాయ్ నచ్చది, చక్కెర తక్కువ," అన్నాడు ఎదురు హోటల్లో. నేను సరిచేయలేదు.

దుకాణం తాళం ఇప్పుడు డ్రైవర్ దగ్గర ఉంది. కడప నుంచి భాయ్ అల్లుడు వచ్చి సామాను చూసుకునేదాకా అంతే. గురువారం సాయంత్రం గదిలో ఫ్యాను ఆపారో లేదో చూద్దామని తెరిచాం. స్టూలు టీవీ పక్కనే ఉంది. కౌంటరు కింద పుస్తకం ఉంది, చైనా కథలు, మధ్యలో రీచార్జి కార్డు. డ్రైవర్ ఏ ఉద్దేశంతోనో టీవీ ఆన్ చేశాడు. సినిమా ఆగిన చోటే తెరుచుకుంది. ఆమె వీపు, అవతల సముద్రం. డ్రైవర్ వెంటనే ఆపేశాడు.

"మిగిలింది ఎవరు చెప్తరు సార్?" అన్నాడు. "మీకు ఇంగ్లీషు వస్తది కద."

"నాకు భాయ్‌లా చెప్పడం రాదు."

"భాయ్ లెక్క ఎవ్వలు చెప్తరు? చదివింది చదివినట్టు చెప్పున్రి. ఏడ్చేకాడ ఆగున్రి. గంతే కద."

మేస్త్రీ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. లోపలికి రాలేదు. 

"సార్, సినిమా తర్వాత. ఆదివారం సంగతి చెప్పున్రి," అన్నాడు. "నేనొక్కన్నే పోత అనుకున్న. వదినెకు గూడ చెప్పిన. పొద్దుగాల నుంచి ఫోన్ పట్టుకొనే కూసుంట అన్నది. కని లోపలికి నేను ముందు పోతే... కాళ్లు నడుస్తయో లేదో ఎరుకలేదు. మీరొస్తరా?"

"వస్తాను."

"మీరు పేపరోళ్లు సార్. విన్నది గూడ రాస్తరు. ఇది అట్ల గాదు."

"చూసే చెబుతాను."

"వేలు చూడాలె. ఎడమ చెయ్యి. వేరేది ఏం చూసినా నాకు చెప్పొద్దు. వేలు ఒక్కటే చెప్పాలె. మంచిగుంటదని ఒకటి, బాధయితదని ఒకటి చెప్పొద్దు."

సరేనన్నాను. వృత్తిలో శవాలు చాలా చూశాను. చూసి ఆఫీసుకి వచ్చి రాశాను. బయట కుర్చీలో కూర్చున్న మనిషి ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పడం ఎప్పుడూ చేయలేదు. భాయ్ రెండుసార్లు చేశారు. రెండుసార్లూ ఆయన చెప్పాల్సి వచ్చింది 'కాదు' అనే. మూడోసారి ఏం చెప్పాల్సి వచ్చేదో, ఆ మాటని కడప తెలుగులో ఎలా అనేవారో నాకు తెలియదు. ఊహించను.

జగిత్యాల దగ్గరి ఆ ఇంట్లో గోడ మీద ఫోటో ఉందని, దానికి ఇవాళ్టిదాకా దండ లేదని మేస్త్రీ చెప్పాడు. ఫోటో నేను చూడలేదు.

సినిమాలో మిగతా సగం ఈ శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం, జుమా తర్వాత. దాన్ని ముందుగా చూడకూడదని అనుకున్నాను. 

అంతకంటే ముందు ఆదివారం ఉంది. సోహార్‌లో మమ్మల్ని పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. డ్రైవర్ సెలవు పెట్టాడు, బండి ఆయనే తెస్తాడు. తెల్లవారుజామున షట్టరు ముందు కలుసుకుంటాం. అక్కడికి చేరాక మేస్త్రీ బయట కుర్చీలో కూర్చుంటాడు. ముందు నేను లోపలికి వెళతాను.